పదిహేనేళ్లుగా కదలని స్టీమ్ ఇంజన్‌ను షెడ్డులోకి తేవాలి: ముందు ఏమేం చూసుకోవాలి?

శనివారం_యార్డు (పెన్సిల్వేనియా) | మార్చి 3

అందరికీ నమస్కారం. వారమంతా కంప్యూటరు ఉద్యోగం చేసి, శనివారం పూట ఇంటికి గంట దూరంలో ఉన్న హెరిటేజ్ రైల్వే యార్డులో వాలంటీరుగా పని చేస్తుంటాను. ఆరేళ్లయింది. మొదట్లో పట్టాల మధ్య గడ్డి పీకడం, పాత బోగీల కిటికీలకు రంగు గీకడం చేశాను. ఇప్పుడు షంటింగ్ జరిగేటప్పుడు నేల మీద నిలబడి డ్రైవరుకు సైగలిచ్చే పని కూడా నాకు అప్పగిస్తున్నారు.

మా యార్డు చివరి లైనులో ఒక 2-8-0 ఉంది. ముందు రెండు చిన్న చక్రాలు, వాటి వెనక ఎనిమిది పెద్ద చక్రాలు. 1920లలో బాల్డ్విన్ కంపెనీ తయారు చేసింది. టెండరు (వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి) కాకుండా ఇంజన్ ఒక్కటే దాదాపు 80 టన్నులు. ఎండకీ మంచుకీ ఆరుబయటే పదిహేనేళ్లుగా ఒకే చోట నిలబడి ఉంది. షెడ్డులో ఇన్నాళ్లకు ఒక లైను ఖాళీ అయింది. ఇంజన్ నుంచి షెడ్డు గుమ్మానికి రెండు వందల మీటర్లు కూడా ఉండదు. మధ్యలో రెండు పాయింట్లు (లైను రెండుగా చీలే చోట్లు), ఒక వంపు. లాగడానికి జీఈ 44 టన్నుల డీజిల్ ఇంజన్ ఉంది.

రెండు వందల మీటర్లకే ఇంత టెన్షనా అనుకోకండి. కొన్నేళ్ల కిందట వేరే యార్డులో ఇలాంటి పనికే సాయం వెళ్లాను. పేరు వద్దు. ఉదయం కప్లింగ్ వేశారు, లాగారు. ఇంజన్ కదిలింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఒక చక్రం తిరగకుండా పట్టా మీద ఈడ్చుకుపోతోందని ఎవరూ గమనించలేదు. ఆపి చూసేసరికి చక్రం అంచు బల్లపరుపుగా అరిగి ఉంది, పట్టా మీద మెరిసే గాడి పడి ఉంది. ఆ గాడి ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంటుంది. మా ఇంజన్‌కు అలా జరగకూడదు.

ఇక్కడ షెడ్డుల్లో పనిచేసినవాళ్లు, వాళ్ల పిల్లలు ఉన్నారని తెలుసు. మీరైతే ఎలా మొదలుపెడతారు?

---

రైలుపిచ్చి_రాజమండ్రి | మార్చి 3

అన్నా, ఫొటోలు పెట్టండి ప్లీజ్! 44 టన్నుల డీజిల్ 80 టన్నుల ఇంజన్‌ను లాగగలదా? 44 అని లెక్కగా ఎందుకు చేశారు?

---

శనివారం_యార్డు | మార్చి 4

లాగుతుంది తమ్ముడూ. చదునైన లైను మీద, చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతుంటే దానికది పెద్ద బరువేమీ కాదు. తిరగకపోతేనే సమస్య.

44 వెనక చిన్న కథ ఉంది. 1937లో ఇక్కడి రైల్వేలకూ కార్మిక సంఘాలకూ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. 90,000 పౌండ్లు, అంతకు మించి బరువున్న ఇంజన్‌లో డ్రైవరుతో పాటు ఫైర్‌మన్ కూడా ఉండాలి. 44 అమెరికన్ టన్నులంటే 88,000 పౌండ్లు. అంటే ఒక్క మనిషితో నడుపుకోవచ్చు. అందుకే జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు 1940 నుంచి ఈ బరువులోనే చిన్న ఇంజన్లు తయారు చేశారు. మా దాంట్లో రెండు క్యాటర్‌పిల్లర్ ఇంజన్లు, చెరో పక్క ఒకటి. చలికాలంలో ఒకటి మొరాయించినా రెండోదానితో పని నడుస్తుంది.

---

బరువులెత్తేవాణ్ణి (దోహా) | మార్చి 4

నేను రిగ్గింగ్ పనిలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాను. నా సలహా ఒక్కటే: లాగొద్దు, ఎత్తండి. రెండు మొబైల్ క్రేన్లు, స్ప్రెడర్ బీమ్, కింద మల్టీ యాక్సిల్ ట్రైలర్. ఉదయం మొదలుపెడితే సాయంత్రానికి షెడ్డు ముందు దించేయొచ్చు. బేరింగ్ గోల ఉండదు, పట్టాల గోల ఉండదు.

---

లల్లాగూడ_పాతకాపు (సికింద్రాబాద్) | మార్చి 5

దోహా తమ్ముడికి నమస్తే. వర్క్‌షాపులో ముప్పై రెండేళ్లు చేసి రిటైరయ్యాను. మీ మాట కాదనను, కానీ యార్డులో క్రేన్ నిలబడాలంటే కింద నేల గట్టిగా ఉండాలి. పాత యార్డుల్లో మట్టి కింద ఏముంటుందో ఎవరికీ తెలియదు. పాత కాలువలు, పూడ్చిన బూడిద గోతులు, తుప్పు పట్టిన నీళ్ల పైపులు. క్రేన్‌ను నిలబెట్టే అవుట్‌రిగ్గర్ కాలు ఒక్కటి దిగబడితే ఇంజన్, క్రేన్ రెండూ పోతాయి. పైగా వాలంటీర్లు నడిపే సంస్థకు ఆ అద్దె పెద్ద ఖర్చు. అదే డబ్బుతో బాయిలర్ ట్యూబులు కొనుక్కోవచ్చు.

శనివారం బాబూ, ఇంజన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు పట్టాలు చూడు. పదిహేనేళ్లుగా అంత బరువు ఒకే చోట నిలబడితే కింద స్లీపర్లు చివికిపోయి ఉంటాయి. నిలబడి ఉన్నంతసేపూ పట్టాలు ఆగుతాయి. చక్రం కదలగానే పక్కకు తోసే బలం వస్తుంది, మేకులు లేచిపోతాయి, గేజ్ (పట్టాల మధ్య దూరం) విచ్చుకుంటుంది, ఇంజన్ పట్టాల మధ్య దిగబడుతుంది. షెడ్డు వరకూ ప్రతి స్లీపర్‌నూ గునపంతో పొడిచి చూడండి. గునపం మెత్తగా దిగిందంటే ఆ స్లీపర్ మార్చాల్సిందే. ముఖ్యంగా ఆ వంపులో.

---

శనివారం_యార్డు | మార్చి 9

నిన్న నలుగురం కలిసి నడిచాం. ఇంజన్ కింద ఉన్నవి చేయి పెడితే రాలిపోతున్నాయి. వంపులో పదకొండు చెడిపోయాయి. బయట ఉన్నవి వచ్చే రెండు శనివారాల్లో మారుస్తాం. ఇంజన్ కింద ఉన్నవాటిని ఒకటి విడిచి ఒకటి మార్చాలని మా ట్రాక్ పెద్దాయన చెప్పారు. థాంక్యూ సార్, మీరు చెప్పకపోతే నేరుగా ఇంజన్ మీదకే వెళ్లేవాళ్లం.

---

బిట్రగుంట_మనవడు (నెల్లూరు) | మార్చి 10

నేను ఈ చర్చ మా తాతయ్యకు చదివి వినిపించాను. ఆయన బిట్రగుంట లోకో షెడ్డులో ఖలాసీగా చేరి ఫిట్టర్‌గా చేశారు. వయసు ఎనభై నాలుగు. చెవులు కొంచెం మందగించాయి కానీ ఇంజన్ మాట వస్తే లేచి కూర్చుంటారు. బిట్రగుంట ఒకప్పుడు ఎంత పెద్ద స్టీమ్ షెడ్డో తెలియనివాళ్లకు ఒక మాట: మద్రాసు, విజయవాడ మధ్య నడిచే బళ్ల ఇంజన్లకు బొగ్గు, నీళ్లు, రిపేరు అన్నీ అక్కడే. ఊరంతా రైల్వే కాలనీయే. కరెంటు ఇంజన్లు వచ్చాక షెడ్డు మూతపడింది.

ఆయన చెప్పింది చెప్పినట్టు టైప్ చేస్తున్నాను:

"అబ్బాయ్, చల్లారిన ఇంజన్‌ను కదపడం అంటే నిద్రపోయే ఏనుగును లేపడమే. అదిలించకూడదు. మొదట ఇరుసు పెట్టెలు. లోపల నూనో గ్రీజో ఉంటుంది గదా, దాని కింద నీళ్లు చేరి ఉంటాయి. వానాకాలంలో మా దగ్గర నెల రోజులు నిలబడిన ఇంజన్‌కే చెంబుడు నీళ్లొచ్చేవి. ఆ నీళ్లు తీయకుండా కదిపితే నూనె పైకి రాదు, ఇత్తడి బేరింగు ఇరుసును కరుస్తుంది. కరిచిందంటే బేరింగు లోపలి పూత, వైట్ మెటల్, కరిగి కారిపోతుంది. ఆ వాసన నాకు ఇంకా గుర్తుంది, కాలిన ఆముదం లాగా.

రెండోది బ్రేకు కట్టెలు. అవి చక్రానికి తుప్పుతో అతుక్కుపోతాయి. ఒక్కోదాన్నీ సుత్తితో తట్టి, సందులో రేకుముక్క దూరుతోందో లేదో చూడండి. దూరకపోతే అది పట్టుకున్నట్టే.

మూడోది సుద్దముక్క. ప్రతి చక్రం మీదా పైన ఒక గీత గీయండి. రెండు పక్కలా. కదిలేటప్పుడు ఒకే సైజు చక్రాల గీతలన్నీ ఒక్కలా దిగాలి. ఏ గీతైనా పైనే ఉండిపోతే వెంటనే ఆపండి. దీనికి ఖర్చు లేదు, చదువు అక్కర్లేదు. మా మేస్త్రీ నాకు మొదటి రోజు నేర్పింది ఇదే."

---

రైలుపిచ్చి_రాజమండ్రి | మార్చి 10

తాతగారికి పాదాభివందనం. సుద్దముక్క సంగతి వింటే ఒళ్లు పులకరించింది.

---

శనివారం_యార్డు | మార్చి 11

ఆ రోజు ఆ యార్డులో ఎవరి దగ్గరైనా ఒక సుద్దముక్క ఉండి ఉంటే! తాతగారికి నా తరఫున నమస్కారం చెప్పండి.

మా ఇంజన్‌లో పెద్ద చక్రాల ఇరుసులకు గట్టి గ్రీజు దిమ్మెలు. కింద స్ప్రింగు ఒకటి వాటిని చిల్లుల రేకు గుండా ఇరుసు మీదకు నొక్కుతుంటుంది. టెండరుకు మాత్రం నూనె, అందులో నానిన నూలు పోగులు (వేస్టు అంటారు). ఆ రెండూ తీసి చూస్తాం.

ఇప్పుడు అసలు ప్రశ్న. సిలిండర్లలో పిస్టన్లు తుప్పు పట్టి ఉండొచ్చు. మెయిన్ రాడ్లు (పిస్టన్ బలాన్ని చక్రాలకు అందించే కడ్డీలు) విప్పేసి లాగాలా, లేక సిలిండర్లలో నూనె పోసి అలాగే లాగాలా? మా యార్డులో రెండు వర్గాలయ్యాయి.

---

లల్లాగూడ_పాతకాపు | మార్చి 11

విప్పండి. ఇందులో రెండో ఆలోచన వద్దు. రాడ్డు ఉంటే చక్రం తిరిగిన ప్రతిసారీ పిస్టన్ కదులుతుంది. తుప్పు పట్టిన సిలిండరులో పిస్టన్ రింగులు కదిలితే లోపలి గోడ గీసుకుపోతుంది. ఆ గీతలు పోవాలంటే మళ్లీ బోరింగ్ చేయాలి.

కానీ ఊరికే విప్పేస్తే చాలదు. క్రాస్‌హెడ్‌ను (పిస్టన్ కడ్డీనీ మెయిన్ రాడ్డునూ కలిపే దిమ్మె) గైడ్ల మధ్య ఒక చివరకు జరిపి, చెక్క దిమ్మెలు పెట్టి, బిగించి కట్టేయాలి. ఆవిరి వాల్వును కదిపే ఎక్సెంట్రిక్ రాడ్డు కూడా తీయాలి, లేకపోతే వాల్వు ఎండుగా రుద్దుకుంటుంది. ఎనిమిది చక్రాలనూ కలిపే సైడ్ రాడ్లు ఉంచొచ్చు, పిన్నులకు గ్రీజు ఎక్కితే. ఎక్కకపోతే వాటినీ తీయాలి. అప్పుడు ఒక పక్క ఏది తీస్తే రెండో పక్కా అదే తీయాలి. ఒక పక్క ఉంచి ఒక పక్క తీస్తే చక్రాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుని పిన్ను విరుగుతుంది.

---

బరువులెత్తేవాణ్ణి | మార్చి 12

సార్, ఒప్పుకుంటున్నాను, ఇది క్రేన్ పని కాదు. అయితే మెయిన్ రాడ్ విప్పేటప్పుడు నా మాట వినండి. అది చేతులతో పట్టుకునే వస్తువు కాదు, నలుగురు కలిసినా నిలవదు. రెండు చోట్ల చైన్ బ్లాకులు (గొలుసుతో బరువెత్తే కప్పీలు) వేసి, బరువు పూర్తిగా వాటి మీదకు తెచ్చాకే చివరి బోల్టు తీయండి. బోల్టు తీసేటప్పుడు రాడ్డు కింద కాలు పెట్టొద్దు. ఇక్కడ ఒకతను అలాగే రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు, నేను కళ్లారా చూశాను.

---

బిట్రగుంట_మనవడు | మార్చి 13

తాతయ్య: "లల్లాగూడ ఆయన చెప్పింది సరైన మాట. ఒక్కటి కలుపుతాను. పిన్నులకు కిరోసిన్, నూనె కలిపి రోజూ కొంచెం కొంచెం వారం పది రోజులు పొయ్యండి. తొందరపడి సుత్తితో కొట్టొద్దు. కొడితే పిన్ను చివర పుట్టగొడుగు లాగా విచ్చుకుంటుంది, ఆ తర్వాత అది రానే రాదు. రాడ్డు తీసినా తీయకపోయినా సిలిండరులో నూనె మాత్రం పొయ్యండి. రేపు మీరే దాన్ని విప్పుకోవాలి."

---

నీలగిరి_గాలి (కోయంబత్తూరు) | మార్చి 15

ఆలస్యంగా చూశాను. మా తరాలన్నీ ఇక్కడే, ఇంట్లో మాత్రం తెలుగే. ఎత్తడం, లాగడం అనే మాట వచ్చింది కాబట్టి మా వైపు సంగతి చెబుతాను. మేట్టుపాళయం, ఊటీ లైను మీటర్ గేజ్. ఆ X క్లాసు ఇంజన్లకు పెద్ద రిపేరు తిరుచ్చి పొన్మలై వర్క్‌షాపులో. చుట్టూ అన్నీ బ్రాడ్ గేజ్ లైన్లు కాబట్టి ఆ ఇంజన్ పట్టాల మీద అక్కడికి వెళ్లలేదు. లారీ ట్రైలర్ మీద రోడ్డున వెళ్తుంది. చిన్నప్పుడు హైవే మీద ఎదురొస్తే నాన్న బండి ఆపి చూపించారు. గొలుసులతో కట్టిన ఆవిరి ఇంజన్ లారీల మధ్య వెళ్తుంటే వింతగా ఉంటుంది.

ఆ ఇంజన్ల పనితీరు వేరు. బాగా నిటారైన చోట 12.28 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కే దారి. రెండు సిలిండర్లు మామూలు చక్రాలను తిప్పుతాయి, అక్కడ వాడిన ఆవిరే ఇంకో రెండు సిలిండర్లలోకి వెళ్లి పట్టాల మధ్యనున్న పళ్ల కడ్డీని పట్టుకునే చక్రాన్ని తిప్పుతుంది. ఇంజన్ ఎప్పుడూ పెట్టెల కింది వైపే ఉండి పైకి తోస్తుంది, ముందుండి లాగదు. కప్లింగ్ తెగినా పెట్టెలు కిందికి జారిపోకుండా. ఆ ఇంజన్లు స్విట్జర్లాండ్ వింటర్‌థూర్ నుంచి వచ్చాయి. తర్వాత పొన్మలైలోనే కొత్తవి చేయడం మొదలుపెట్టారు. పాతదాన్ని చూసుకోవడమే కాదు, కొత్తది పుట్టించే చేతులు ఇంకా ఉన్నాయి మన దగ్గర.

---

రైలుపిచ్చి_రాజమండ్రి | మార్చి 15

నేను పోయిన ఏడాది రేవాడీ వెళ్లొచ్చాను, హర్యానాలో. 1893 నాటి షెడ్డు. ఇప్పుడు హెరిటేజ్ మ్యూజియం, ఇంజన్లు బతికే ఉన్నాయి. అక్కడ WP తరగతి ఆవిరి ఇంజన్, నంబరు 7200 ఉంది, పేరు ఆజాద్. తుపాకీ గుండు లాంటి ముక్కు. శనివారం అన్నా, అది బాల్డ్విన్ చేసిందే, 1947లో! పక్కనే విరాట్ అనే ఇంజన్ కూడా, అది 1943 బాల్డ్విన్.

---

శనివారం_యార్డు | మార్చి 16

తమ్ముడూ, నువ్వీ మాట అన్నాక రాత్రి నిద్ర పట్టలేదు. బాల్డ్విన్ ఫ్యాక్టరీ ఫిలడెల్ఫియా పక్కన ఎడ్డీస్టోన్‌లో ఉండేది. మేముండే చోటి నుంచి కారులో వెళ్లొచ్చు. WP తరగతిలో మొదటి 16 అక్కడే తయారై ఓడ ఎక్కాయి. ఆ తర్వాత మొత్తం 755 అయ్యాయి, కొన్ని మన చిత్తరంజన్‌లోనే. మా ఇంజన్, మీ ఆజాద్ ఒకే ఇంటి పిల్లలు. నా చిన్నప్పుడు అమ్మమ్మ ఊరెళ్లేటప్పుడు విజయవాడలో చూసిన ఆ గుండు ముక్కు ఇంజన్ ఇదే తరగతి.

పనిలో చిన్న ఆటంకం. ఇంజన్ పక్క రేకు చినిగి, లోపల తెల్లటి దూది లాంటిది కనబడుతోంది.

---

లల్లాగూడ_పాతకాపు | మార్చి 16

ముట్టుకోవద్దు! ఆస్బెస్టాస్ కావచ్చు. ఆ కాలం బాయిలర్లకు వేడి పోకుండా దాన్నే చుట్టేవారు. మా రోజుల్లో వట్టి చేతులతో పీకాం, ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోలేదు. నాతో పనిచేసినవాళ్లలో ఇద్దరు ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. లైసెన్సు ఉన్నవాళ్లను పిలిచి పరీక్ష చేయించండి. అది తేలేదాకా ఇంజన్‌కు పది అడుగుల దూరంలో ఉండండి. పిల్లల్ని దగ్గరకు రానివ్వొద్దు.

---

శనివారం_యార్డు | ఏప్రిల్ 20

ఇన్నాళ్లు రాయలేదు, క్షమించండి. పరీక్షలో అది ఆస్బెస్టాసే అని తేలింది. చినిగిన చోట నిపుణులు వచ్చి మూసి సీలు వేశారు. మొత్తం తీయడం షెడ్డులోకి వచ్చాక, వాళ్ల చేతులతోనే. ఈలోగా స్లీపర్ల పని అయిపోయింది.

నిన్న గ్రీజు దిమ్మెలు తీశాం. కిందకు దూరే ముందు ఇంజన్‌కు రెండు వైపులా నీలం జెండాలు పాతాం. ఇక్కడ రూలు గట్టిది: ఎవరు పెట్టారో ఆ బృందమే తీయాలి, ఆ జెండా ఉన్నంతవరకూ ఇంజన్‌ను ఎవరూ కదపకూడదు. బోల్ట్ విప్పి కింది పెట్టె దించగానే ముందు నీళ్లు నా మోచేతి మీదుగా కారాయి. మంచులా చల్లగా, పాలు ఎక్కువైన కాఫీ రంగులో. తాతగారు అన్నది అక్షరాలా నిజం. నాలుగు ఇరుసుల్లో మూడింటి కింద నీళ్లున్నాయి. గ్రీజు దిమ్మె ఎండిపోయి బట్టల సబ్బు ముక్కలా ఉంది. గోటితో గీస్తే పొడి రాలింది. అన్నీ శుభ్రం చేసి కొత్త గ్రీజు పెట్టాం. టెండరు వేస్టులో ఎలుక గూడు కట్టింది, పాతది లాగేసి కొత్తది నూనెలో నానబెట్టి కూరాం.

---

బిట్రగుంట_మనవడు | ఏప్రిల్ 21

చదివి వినిపించాను. తాతయ్య చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మా షెడ్డులో కింద పని జరిగేటప్పుడు ఇంజన్‌కు 'నాట్ టు బి మూవ్డ్' అని బోర్డు తగిలించేవాళ్లం. అది తీసే హక్కు కట్టినవాడిదే. అక్కడా అదే పద్ధతా" అని అడిగారు. అవునన్నాను. సంతోషించారు.

---

శనివారం_యార్డు | మే 19

అయింది! నిన్న ఉదయం ఎనిమిదికి మొదలుపెట్టాం. చలిలో గ్రీజు గట్టిపడుతుందని ఎండలు వచ్చేదాకా ఆగాం. మెయిన్ రాడ్లు, ఎక్సెంట్రిక్ రాడ్లు ముందు వారమే చైన్ బ్లాకులతో దించాం. క్రాస్‌హెడ్లు కట్టేశాం. సైడ్ రాడ్ల పిన్నులకు గ్రీజు బాగా ఎక్కింది, వాటిని ఉంచాం. అన్ని చక్రాలకూ సుద్ద గీతలు. మా వాళ్లకు తెలుగు రాదు, కానీ అందరూ వాటిని 'గ్రాండ్‌పా మార్క్స్' అంటున్నారు.

డీజిల్ నెమ్మదిగా వచ్చి తగిలింది. ముందు లాగలేదు, వెనక్కి ఒక్క అంగుళం తోశాం. కీచుమని పెద్ద చప్పుడు, వెన్నులో చలి పుట్టింది. తర్వాత ముందుకు. ఇరవై అడుగుల తర్వాత ఆపాలని ప్లాను. ఎనిమిది అడుగుల దగ్గరే నేను చేయెత్తి ఆపేశాను. టెండరు మూడో ఇరుసు గీత పైనే ఉంది, కదల్లేదు.

డ్రైవరు బ్రేకు వేసి, గేరు న్యూట్రల్ చేసి, కరెంటు తీసేశానని రేడియోలో చెప్పాకే మేం మధ్యలోకి వెళ్లాం. బ్రేకు కట్టె చక్రానికి అతుక్కుని ఉంది. తట్టి చూసినప్పుడు బయటి వైపు సందు కనబడింది, లోపలి వైపు చూడలేదు. అది మా పొరపాటే. అరగంట నూనె పోసి, సన్న ఉలితో తట్టి విడదీశాం. చక్రం మీద చిన్న మచ్చ పడింది. చేయి పెట్టి తడిమితే గోరు ఆనేంత కూడా లేదు.

మళ్లీ కదిపాం. అన్ని గీతలూ దిగి, కింద మాయమై, మళ్లీ పైకొచ్చాయి. ఆ క్షణం గొంతు పట్టేసింది. ప్రతి ఇరవై అడుగులకూ ఆగి ఇరుసు పెట్టెల మీద చేతి వెనక భాగం పెట్టి చూశాం, మా కుర్రాళ్లు వేడి చూసే లేజర్ గన్ కూడా పట్టారు. వంపులో పట్టాల అంచుకు గ్రీజు రాశాం. షెడ్డు గుమ్మం దాటేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర. రెండు వందల మీటర్లకు ఐదున్నర గంటలు.

---

బరువులెత్తేవాణ్ణి | మే 19

అభినందనలు సోదరా. ఐదున్నర గంటలంటే చాలా తక్కువే పట్టింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది పెద్ద విషయం.

---

రైలుపిచ్చి_రాజమండ్రి | మే 19

ఎప్పుడు పొగ వస్తుంది అన్నా? నేను వీసా తెచ్చుకుంటా!

---

శనివారం_యార్డు | మే 20

చాలా ఏళ్లు పడుతుంది తమ్ముడూ. ఇక్కడి ప్రభుత్వ నియమం ప్రకారం 1,472 సర్వీసు రోజులకు, లేదా 15 ఏళ్లకు, ఏది ముందైతే దానికి బాయిలర్ మొత్తం ఖాళీ చేసి పరీక్షించాలి. ట్యూబులన్నీ తీయాలి, రేకు మందం అంగుళం అంగుళం కొలవాలి. మా దానికి ఆ గడువు ఎప్పుడో దాటింది.

ఆ నియమం ఇంత కఠినంగా మారడానికి కారణం మా రాష్ట్రంలోనే జరిగింది. 1995 జూన్ 16న గెట్టీస్‌బర్గ్ టూరిస్టు లైను మీద 1278 నంబరు ఇంజన్‌లో నీళ్లు తగ్గి, నిప్పుపెట్టె పైకప్పు రేకు ఎర్రగా కాలి కుంగిపోయింది. క్యాబ్‌లో ఉన్న ముగ్గురికి తీవ్రంగా కాలిన గాయాలు. నీటిమట్టం చూపే గాజు గొట్టానికి వెళ్లే దారులు సున్నపు చెత్తతో పూడుకుపోయాయి, అందుకే నీళ్లున్నట్టే కనబడ్డాయి. తన చేతుల్తో పరీక్షించి చూడని ఏ బాయిలర్‌నూ నమ్మకూడదని మా షాపు పెద్దాయన ప్రతి కొత్త వాలంటీరుకూ ఈ కథే మొదట చెబుతారు.

---

బిట్రగుంట_మనవడు | మే 21

తాతయ్య ఆ గాజు గొట్టం మాట వినగానే: "డ్యూటీ ఎక్కగానే మొదటి పని అదే. కింది కాక్ తెరిచి ఊదాలి. పై దారి మూసి ఒకసారి, కింది దారి మూసి ఒకసారి. నీళ్లు దూకుతూ పైకి రావాలి. మెల్లగా పాకుతూ వస్తే దారి పూడుతున్నట్టు. అలాంటి ఇంజన్‌ను లైను మీదకు పంపకూడదు, ఎవరు చెప్పినా సరే."

అన్నా, ఇంకో మాట. మీ ఇరుసు శుభ్రం చేశాక ఒక ఫొటో కావాలట. నీళ్లు నిలిచిన చోట ఇరుసు మీద పట్టీలా మచ్చ పడుతుందని, దాన్ని చూస్తే ఎంత లోతు తినిందో చెప్పగలనని అంటున్నారు.

---

శనివారం_యార్డు | జూన్ 9

నిన్న మొదటి ఇరుసు చక్రాలు దించాం. ఫొటోలు పెట్టాను, నాలుగు కోణాల్లో. ఇరుసంతా అద్దంలా మెరుస్తోంది, అడుగున రెండు వేళ్ల వెడల్పున మాత్రం బూడిద రంగు పట్టీ. తాతగారు చెప్పినట్టే. మా మెషినిస్టు లేతులో ఎంత తీయాలో ఇంకా నిర్ణయించలేదు. తాతగారి మాట విన్నాకే మొదలుపెడదామన్నారు. శనివారం మాకు ఉదయం పదైతే మీకు సాయంత్రం ఏడున్నర. ఆయనకు వీలైతే వీడియో కాల్ చేస్తాం, ఇరుసు పక్కనే ఫోన్ పెట్టి.

---

బిట్రగుంట_మనవడు | జూన్ 10

వీలవుతుందన్నా. వినికిడి మిషన్‌కు కొత్త బ్యాటరీ తెమ్మని ఇప్పుడే పంపించారు. ఇరుసు మీద వెలుతురు పక్క నుంచి పడేలా టార్చ్ పెట్టమంటున్నారు, పై నుంచి పెడితే గుంటలు కనబడవట.